కువైట్‌కు వెళ్లే మేనల్లుడికి

చిరంజీవి సుధాకర్‌కు,

వీసా వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. జీతం, రూము, తిండి సంగతులు అందరూ చెప్తారు. నేను గడియారం గురించి చెప్తాను. నవ్వకు, నా మొదటి ప్రయాణం చెడింది దానివల్లే.

నాది చెన్నై నుంచి దుబాయ్ మీదుగా కువైట్‌కు టికెట్. పక్క సీటాయన చెప్పాడని విమానంలోనే వాచీని రెండున్నర గంటలు వెనక్కి తిప్పి కువైట్ టైముకు పెట్టేసుకున్నాను. దుబాయ్‌లో దిగి, ఇంకా చాలా టైముందిలే అని ఒక మూల కాళ్లు చాపుకుని కూర్చున్నా. దుబాయ్ మనకంటే గంటన్నరే వెనక, అంటే కువైట్ కంటే గంట ముందు. ఆ గంటలోనే విమానం వెళ్లిపోయింది. టికెట్ మీద ఏ ఊరి పక్కన ఉన్న టైము ఆ ఊరిదే నాయనా. దిగిన ప్రతిచోటా బోర్డు మీద టైము చూసుకో. ఫోన్ కూడా నెట్‌వర్క్ దొరికేదాకా పాత టైమే చూపించొచ్చు. ఇంకోటి, పదో తేదీ రాత్రి 12:40కి విమానమంటే తొమ్మిదో తేదీ సాయంత్రమే ఎయిర్‌పోర్టుకు బయల్దేరాలి. ఇక్కడ పొరపాటు పడి టికెట్ పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు.

కువైట్, సౌదీ, ఖతర్, బహ్రెయిన్, ఇరాక్, యెమెన్ అన్నిటిదీ ఒకటే టైము, లోకమంతా లెక్కకు మొదలుగా పెట్టుకున్న గ్రీనిచ్ టైముకు 3 గంటలు ముందు. దుబాయ్, అబుదాబి, మస్కట్‌లది 4 గంటలు. మనది ఐదున్నర. లెక్క తిప్పలు పెట్టేది ఆ అరగంటే. నేనైతే కువైట్ టైముకు మూడు కలిపి అరగంట తీసేసేవాణ్ణి. అమెరికాలో లాగా ఎండాకాలానికి గంట జరపడం ఈ దేశాల్లో లేదు కాబట్టి ఒకసారి అలవాటైతే ఏడాదంతా అదే లెక్క.

జూన్ 1 నుంచి ఆగస్టు నెలాఖరు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని కువైట్‌లో రూలు ఉంది. అందుకే ఆ నెలల్లో డ్యూటీ బస్సు చీకటితోనే వచ్చేస్తుంది. జూన్‌లో అయిదు కాకముందే తెల్లారిపోతుంది కూడా. ఆ బస్సుకు ముందు ఇంటికి ఫోన్ చెయ్యడానికి పది నిమిషాలు మిగుల్చుకో. నీకు నాలుగున్నర అయితే ఇంటి దగ్గర ఏడు, పిల్లలు బడికి తయారవుతుంటారు.

సెలవు సంగతి ఇంకో తిరకాసు. నీకు సెలవు శుక్రవారం, ఆ రోజు పిల్లలు బళ్లో ఉంటారు. వాళ్లకు సెలవు ఆదివారం, ఆ రోజు నీకు డ్యూటీ. నేను పదకొండేళ్లు దీంతోనే వేగాను. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఫోన్ పెట్టుకో, ఇక్కడ నాలుగున్నర, పిల్లలు ఇంటికొచ్చి ఉంటారు. డబ్బు మాత్రం పొద్దున్నే పంపు. ఒంటిగంటన్నర దాటితే ఇక్కడ నాలుగవుతుంది, ఏదైనా తేడా వస్తే బ్యాంకులో అడగడానికి సోమవారం దాకా ఆగాల్సి రావచ్చు.

మీ అమ్మ "ఎప్పుడు చేసినా ఎత్తుతాలే" అంటుంది. నమ్మకు. తొమ్మిదిన్నరకల్లా మా అక్క నిద్రపోతుంది. అంటే నీకు ఏడు.

ఇట్లు,
మీ మామ