బ్రయాన్ ఈనో అసలు చేసే పనేమిటి?

ప్రశ్న: యూ2, టాకింగ్ హెడ్స్ అనే రాక్ బ్యాండ్‌ల ఆల్బమ్‌ల మీద ప్రొడ్యూసర్‌గా బ్రయాన్ ఈనో పేరు చూశాను. పాటలు రాసేదీ వాయించేదీ బ్యాండే అయినప్పుడు ఈయన చేసిందేమిటి? పైగా ఈయనకి వాయిద్యాలు పెద్దగా రావంటారు, నిజమేనా?

జవాబు: నిజమేనండీ, 'నేను మ్యుజీషియన్‌ని కాదు' అని ఆయనే చెప్పుకునేవాడు. చదివింది కూడా సంగీతం కాదు, ఇంగ్లండ్‌లో ఆర్ట్ స్కూల్. 1971లో రాక్సీ మ్యూజిక్ బ్యాండ్‌లో చేరి, మిగతావాళ్లు వాయిస్తున్న గిటార్‌నీ శాక్సోఫోన్‌నీ తన వీసీఎస్3 సింథసైజర్‌లోంచి (ఎలక్ట్రానిక్‌గా శబ్దాల్ని పుట్టించే, మార్చే వాయిద్యం) పంపించి, ఆ శబ్దాన్నే వేరేగా మార్చేసేవాడు. తర్వాత ప్రొడ్యూసర్‌గా చేసిందంతా అక్కడే మొదలైందని నా నమ్మకం. రెండు ఆల్బమ్‌లయ్యాక, 1973లో, బ్యాండ్ వదిలేశాడు.

స్టూడియోలో పని ముందుకు సాగనప్పుడు ఏం చేయాలన్నది ఆయన్ని బాగా పట్టేసిన ప్రశ్న. దానికోసం 1975లో చిత్రకారుడు పీటర్ ష్మిట్‌తో కలిసి ఒక కార్డుల పెట్టె తయారుచేశాడు, ఒక్కో కార్డు మీద ఒక చిన్న సూచన ఉంటుంది, ఒక కార్డు తీసి అందులో ఏముంటే అది చేయాలి, అంతే. ఇంగ్లిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ఆల్బమ్ 'హీరోస్' రికార్డింగ్‌లో వీటిని వాడారు. అన్నట్టు, బోవీ ఆల్బమ్‌లు 'లో', 'హీరోస్' ఈనో ప్రొడ్యూస్ చేశాడని చాలామంది అంటారు, కానీ వాటి ప్రొడ్యూసర్లు బోవీ, టోనీ విస్కాంటీ. ఈనో తోడు పనిచేశాడు, కొన్ని పాటలు కలిసి రాశాడు.

మీరడిగిన దానికి అసలు జవాబు టాకింగ్ హెడ్స్ ఆల్బమ్ 'రిమెయిన్ ఇన్ లైట్'లో (1980) దొరుకుతుంది. బ్యాండ్ రాసిపెట్టుకున్న పాటలతో రాలేదు, ఈనోతో కలిసి చిన్న చిన్న రిథమ్ ముక్కల్ని మళ్లీ మళ్లీ వాయించి టేపు మీద పొరలుపొరలుగా పేర్చుకుంటూ పోయారు, గొంతూ మాటలూ ఆ తర్వాతే వచ్చాయి. అంటే పాట పుట్టే పద్ధతే మారిపోయింది, బ్యాండ్ తనంతట తాను వెళ్లని చోటికి వెళ్లింది. అది మామూలు విషయం కాదు! 1984లో మరో ప్రొడ్యూసర్ డానియల్ లాన్వాతో కలిసి యూ2తో పని మొదలుపెట్టినప్పుడూ అంతే, సూటిగా దూసుకెళ్లే ఆ రాక్ బ్యాండ్ పాటల్లోకి విశాలమైన ఖాళీ వచ్చింది. యూ2 ఆల్బమ్ 'ద జాషువా ట్రీ' (1987) మొదటి పాట మీద ఎంతకాలం పనిచేసినా తెగకపోయేసరికి, ఈనో టేపు చెరిపేసి మొదట్నుంచీ వాయిద్దామనుకున్నాడట, రికార్డింగ్ ఇంజనీర్ ఆపాడు.

ఆయన సొంత సంగీతం వినాలంటే 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. వేర్వేరు పొడవున్న టేప్ లూప్‌లు (రెండు చివరలూ అతికించి, అదే ముక్క మళ్లీ మళ్లీ వినిపించేలా చేసిన టేపులు) తిరుగుతూ ఉంటాయి కాబట్టి స్వరాలు కలిసే తీరు మారుతూనే ఉంటుంది. వాల్యూమ్ తక్కువగా పెట్టుకోండి, దాన్ని చేసిందే అలా వినడానికి.