కొండ దిగడం గురించి నా మేనల్లుడికి

శృంగవరపుకోట

చిన్నా,

కొండదారి పోటీకి పేరు ఇచ్చావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. 21 కిలోమీటర్ల దూరం, 700 మీటర్ల ఎత్తు ఎక్కాలని నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితంలో చూశాను. చాలా సంతోషమేసింది. రోజూ పొద్దున్నే నాగావళి వంతెన దాకా పరిగెత్తి వస్తున్నావు. రోడ్డు మీద ఇదే దూరం 2 గంటల 10 నిమిషాల్లో పూర్తి చేశావు. నీ గుండె గురించీ ఊపిరి గురించీ నాకు బెంగ లేదు. నా బెంగంతా నీ తొడల గురించి. ఫోన్లో చెబితే ఒకసారి విని వదిలేస్తావు, కాగితం మీదైతే మళ్ళీ తీసి చూసుకుంటావని రాస్తున్నాను.

నేను మొదటిసారి కొండ పోటీకి వెళ్ళినప్పుడు నాకు 49 ఏళ్ళు. లైన్‌మన్‌గా పాతికేళ్ళు ఈ కొండల్లో స్తంభాల వెంట తిరిగినవాణ్ణి, కొండ నాకేం కొత్త అనుకున్నాను. ఎక్కేటప్పుడు కుర్రాళ్ళని చాలామందిని దాటాను. పైకి చేరేసరికి చల్లగాలి తగిలింది, కింద ఊరు కనబడింది. ఇంక దిగడమే కదా అని కాళ్ళని వదిలేశాను. ఊపిరి ఆడుతోంది, ఆయాసం లేదు, ఎగురుతున్నట్టే ఉంది. చదును నేల మీదికి వచ్చాక తొడలు వణకడం మొదలైంది. అడుగు వేస్తే మోకాలు నిలవలేదు. చివరి 3 కిలోమీటర్లు నడిచాను. నేను దాటినవాళ్ళందరూ నన్ను దాటి వెళ్ళారు.

అది పెద్ద బాధ కాదు. రెండోరోజు మీ ఇంటి గృహప్రవేశం. అందరూ బంతిలో కింద కూర్చుని భోంచేస్తుంటే నేను మోకాళ్ళు వంచలేకపోయాను. మీ అమ్మ పక్కన కుర్చీ వేసి విస్తరి ఒళ్ళో పెట్టింది. నీకప్పుడు పదేళ్ళు, గుర్తుందో లేదో. వారం తిరక్కుండా నొప్పి పోయిందని మళ్ళీ పరుగు మొదలుపెట్టాను. ఈసారి ఎడమ మోకాలు పట్టేసింది. మూడు నెలలు పరుగు లేదు. ఆ మూడు నెలలు నీకు రాకూడదు.

దిగుడు ఎందుకు మోసం చేస్తుందో తర్వాత తెలుసుకున్నాను. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువుని ఆపుతుంది, బండికి బ్రేకు పడుతున్నట్టు. అలా సాగుతూ బరువు మోసినప్పుడే కండరం పోగులు లోలోపల సన్నగా చిట్లుతాయి. ఎక్కేటప్పుడు శక్తి మించితే ఆయాసం చెప్పేస్తుంది, ఆగుతాం. దిగేటప్పుడు ఆయాసం రాదు, కాబట్టి చెప్పేవాళ్ళు లేరు. నొప్పి మర్నాటికి గాని తెలియదు. రెండో మూడో రోజుకి బాగా ముదురుతుంది.

మా ఎస్.కోట సంతకి కొండ మీద ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళని ఎన్నో ఏళ్ళు చూశాను. నెత్తి మీద కొండచీపుళ్ళ మోపు, భుజాన చింతపండు కావిడి. అంత బరువుతో దిగుతూ వాళ్ళు ఎప్పుడూ పెద్ద అంగ వెయ్యరు. మోకాలు కొంచెం వంచి, పాదం ఒంటి కిందే పడేలా, చిన్నచిన్న అడుగులు గబగబా వేస్తారు. కావిడి మోసే మనిషి నడకకి ఒక ఊపు ఉంటుంది, అడుగు నేలని తాకి లేస్తుంది గాని గుద్దదు. చూపు కాలి బొటనవేలి మీద ఉండదు, మూడు నాలుగు గజాల ముందు ఉంటుంది. నా పరుగు బాగుపడింది వాళ్ళని చూశాకే. నువ్వు కాలు ముందుకి చాచి మడమతో ఆపుతున్నావని నీ వీడియోలో చూశాను. రోడ్డు మీద ఎలాగో నడుస్తుంది, కొండ మీద అదే నీ తొడల్ని తినేస్తుంది.

ఇంకా ఏడు వారాలు ఉన్నాయి కదా. శ్రీకాకుళం నుంచి శాలిహుండం బండి మీద దగ్గరే. వంశధార ఒడ్డున ఆ చిన్న కొండ నీకు సరిపోతుంది. బౌద్ధుల కట్టడాలున్న చోటు, స్తూపాల ఇటుకల మీద మాత్రం కాలు పెట్టకు, దారి మీదే ఉండు. వారానికి ఒక్కసారి వెళ్ళు. నడుస్తూ ఎక్కు, మెల్లగా పరిగెత్తుతూ దిగు. మొదటి వారం వెళ్ళిన రోజు నాలుగు సార్లు ఎక్కి దిగు, తర్వాత వారానికి ఒక్కొక్కటే పెంచు. మొదటిసారి తొడలు నొప్పెడతాయి, కంగారు పడకు. ఒకసారి అలా నొప్పెట్టి కోలుకున్న కండరం అదే పనికి మళ్ళీ అంతగా దెబ్బతినదు. ఆ రక్షణ కొన్ని వారాలపాటు ఉంటుంది. అందుకే ఈ ఒక్క సాధన మానొద్దని నా పట్టు. మిగతా ఏం మానేసినా నేనేం అనను. పోటీకి ముందు పది రోజులు మాత్రం కొండ జోలికి వెళ్ళకు.

రోడ్డు మీది టైముని మర్చిపో. స్కాట్లాండ్‌లో నైస్మిత్ అనే ఆయన 1892లో కొండ నడకకి ఒక లెక్క చెప్పాడు. గంటకి 5 కిలోమీటర్లు, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఆ లెక్కన నీ దారి నడిచేవాడికి అయిదు గంటల పైన పడుతుంది. నువ్వు పరిగెత్తుతావు కాబట్టి మూడున్నర గంటలు అనుకుని బయల్దేరు. నిట్టనిలువు చోట్ల అరచేతులు తొడల మీద పెట్టుకుని నడువు. అక్కడ పరిగెత్తేవాడు నీకంటే పెద్దగా ముందుకి పోడు, అలిసిపోతాడంతే.

మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ చివికి సన్న గులకై దారంతా పరుచుకుంటుంది. పొడిగా ఉన్నా కాలి కింద దొర్లుతుంది. అరిగిన రోడ్డు షూతో వెళ్ళకు, అడుగున పట్టున్న షూ కొనుక్కో. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు వేళ్ళు గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. రెండు రోజుల ముందు గోళ్ళు తీసేసుకో. లేసు చీలమండ దగ్గర బిగించి కట్టు. ఒరుసుకునే చోట్ల కొబ్బరినూనె రాసుకో.

పొద్దున్న తిండి సంగతి నీకు చెప్పక్కర్లేదు, మీ అమ్మ చోడంబలి నీకు పడుతుంది. కొత్తది ఏదీ ఆరోజు తినకు. దారిలో గంటకి ఒక అరటిపండు, ఒక బెల్లం ముక్క ఆకలి వెయ్యకముందే తిను. లీటరు నీళ్ళకి ఒక ఓఆర్‌ఎస్ పాకెట్ కలిపి వీపు సంచిలో పెట్టుకో. దాహం వేసినప్పుడు తాగు. భయపడి ఒట్టి నీళ్ళు అదేపనిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలతిరుగుడు, వాంతులు వస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. పరుగుకి ముందుగానీ మధ్యలోగానీ నొప్పి మాత్ర వేసుకోకు. చెమటతో నీరు పోయిన ఒంట్లో ఆ మాత్ర కిడ్నీల మీద పడుతుంది.

గీత దాటాక వెంటనే కూలబడకు, పది నిమిషాలు నడువు. గంటలోపు అన్నం, పప్పు, రెండు గుడ్లు తిను. ఆరోజూ మర్నాడూ ఎవరు నూనె రాసి గట్టిగా పిసుకుతామన్నా వద్దను, చిట్లిన కండరాన్ని మళ్ళీ నలిపినట్టు అవుతుంది. గోరువెచ్చని నీళ్ళ స్నానం, చదునులో పావుగంట నడక, తొందరగా నిద్ర, ఇవి చాలు. అన్నిటికంటే నిద్రే ముఖ్యం. సోమవారం బ్యాంకుకి సెలవు పెట్టుకో, మెట్లు దిగలేవు.

ఏ నొప్పికి భయపడాలో గుర్తుపెట్టుకో. రెండు తొడలూ ఒకేలా బరువుగా నొప్పెడితే అది పోయే నొప్పి. ఒక్క కాల్లోనే, ఎముక మీద ఒక్క వేలితో చూపించగలిగే చోట నొప్పి ఉంటే, అడుగు వేసినప్పుడల్లా అక్కడే పొడిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళు. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళు. కండరం బాగా దెబ్బతిని ఆ పదార్థం కిడ్నీల్లోకి చేరుతున్న గుర్తు అది.

ఇంకొకటి, ఇది మన ప్రాంతం వాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది. పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. కుట్టినప్పుడు తెలియదు. వారం పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చంకలోనో నడుము దగ్గరో కాలిన మచ్చలా నల్లటి చెక్కు కనిపించవచ్చు. పోటీ తర్వాత మూడు వారాల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా, కొండ పొదల్లో తిరిగానని డాక్టరుకి నీ నోటితో నువ్వే చెప్పు. ముందే తెలిస్తే మందు ఉంది, బాగా పనిచేస్తుంది. ఇంటికి రాగానే బట్టలు విప్పి వేడినీళ్ళలో వెయ్యి, ఒళ్ళు రుద్దుకుని స్నానం చెయ్యి.

తిరిగి పరుగు ఎప్పుడంటే, మెట్లు దిగేటప్పుడు చెయ్యి గోడ మీదికి పోకుండా ఉన్న రోజు నుంచి ఇంకో మూడు రోజులు లెక్కపెట్టుకో. ఆ తర్వాత చదునులో 20 నిమిషాలు. కొండ మాత్రం నెల తర్వాతే. నేను ఈ లెక్క పాటించని ఆ ఒక్కసారే దెబ్బతిన్నాను. ఇప్పుడు 62 ఏళ్ళ వయసులో కూడా పుణ్యగిరి మెట్లు దిగుతున్నాను.

వచ్చే ఆదివారం నేను శాలిహుండం వస్తాను. పొద్దున్న అయిదున్నరకి కొండ కింద ఉంటాను. కొత్త షూ వేసుకుని రా, తలకి కట్టుకునే లైటు తెచ్చుకో. ముందు నువ్వు దిగు, వెనక నుంచి నీ అడుగు చూస్తాను.

ప్రేమతో
మావయ్య