వీలుకప్ ఉన్న సెల్స్‌కి స్క్రిప్ట్‌తో రంగు వేయడం ఎలా?

గూగుల్ షీట్స్‌లో వీలుకప్ (పట్టికలో పేరు వెతికి దాని పక్కనున్న విలువ తెచ్చే ఫార్ములా) ఉన్న సెల్స్ అన్నిటికీ స్క్రిప్ట్‌తో, అంటే చిన్న ప్రోగ్రామ్‌తో, రంగు వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చు. కానీ మీది ఒక్క షీటే అయితే అంత శ్రమ అక్కర్లేదు. షరతును బట్టి రంగు వేసే కండిషనల్ ఫార్మాటింగ్‌లో కస్టమ్ ఫార్ములా ఎంచుకుని, ఫార్ములాటెక్స్ట్ (సెల్‌లోని ఫార్ములాని అక్షరాలుగా చూపేది) ఇచ్చే టెక్స్ట్‌లో వీలుకప్ ఉందో లేదో రెజెక్స్‌మ్యాచ్‌తో చూడమనండి. ఫార్ములా లేని సెల్‌లో ఎర్రర్ వస్తుంది కాబట్టి అక్కడ రంగు పడదు.

నేను పర్లాకిమిడిలో చింతపండు, జీడిపప్పు కొనే షాపుకి లెక్కలు చూస్తాను. నెలకో ట్యాబ్. ఇలాంటి చోట స్క్రిప్టే నయం. ఎక్స్‌టెన్షన్స్ మెనూలో యాప్స్ స్క్రిప్ట్ తెరిచి, ఒక్కో ట్యాబ్‌కి గెట్‌డేటారేంజ్ (డేటా ఉన్న భాగమంతా) తీసుకోండి. దాని మీద ఫార్ములాలు చదివే గెట్‌ఫార్ములాస్, సెల్ రంగులు చదివే గెట్‌బ్యాక్‌గ్రౌండ్స్ ఒక్కోసారి పిలిస్తే చాలు, మొత్తం వచ్చేస్తుంది. వీలుకప్ ఉన్న చోట మాత్రం రంగు మార్చి, సెట్‌బ్యాక్‌గ్రౌండ్స్‌తో ఒకేసారి తిరిగి రాసేయండి. మిగతా రంగులు అలాగే ఉంటాయి. ఒక్కో సెల్‌నీ విడివిడిగా చదివితే పెద్ద ఫైల్‌లో 6 నిమిషాల గడువు దాటిపోయి స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోతుంది.

స్క్రిప్ట్‌లో వెతికే ఫార్ములా పేరు చివర ఓపెన్ బ్రాకెట్ కూడా పెట్టండి. లేకపోతే రేపు సమ్ కోసం వెతికితే సమ్ఇఫ్‌కి కూడా రంగు పడుతుంది. అర్రేఫార్ములా (ఒక్క సెల్‌లో రాస్తే కింది వరుసలూ నింపేది) వాడి ఉంటే మొదటి సెల్‌కే పడుతుంది, కింద నిండిన వాటిలో ఫార్ములా ఉండదు మరి.

అయినా, ఫార్ములా ఉన్న సెల్స్ కంటే ఉండాల్సిన చోట లేనివే ప్రమాదం. మా తూకం దగ్గర కుర్రాళ్లలో కొందరు సరుకు పేరు ఒడియా అక్షరాల్లో కొడతారు. రేటు పట్టిక తెలుగులో ఉంది. వీలుకప్‌కి పేరు దొరక్క ఎర్రర్ వస్తుంది, వాళ్లు టెన్షన్ పడి ఆ సెల్ మీదే రేటు టైప్ చేసేస్తారు! ఆ పూటకి లెక్క సరిపోతుంది. తర్వాత పట్టికలో రేటు సవరిస్తే అన్ని వరుసలూ మారతాయి, అదొక్కటి మారదు. అందుకే రేటు కాలమ్‌లో విలువ ఉండి, గెట్‌ఫార్ములాస్‌లో ఖాళీగా వచ్చిన సెల్‌కి ఎరుపు వేయిస్తాను. హెడింగ్ వరుసని వదిలేయాలి. సెల్ పేర్లకి బదులు ఎన్ని వరుసలు, కాలమ్‌లు అవతల ఉందో చూపే గెట్‌ఫార్ములాస్ఆర్1సీ1 వాడితే ఇంకా మంచిది. కిందికి కాపీ చేసిన ఫార్ములా అన్ని వరుసల్లోనూ ఒకేలా వస్తుంది కాబట్టి, ఎవరో మధ్యలో మార్చింది ఇట్టే దొరుకుతుంది.

స్క్రిప్ట్ వేసిన రంగు ఫార్ములా పోయినా దానంతట పోదు. ఇంకెక్కడా వాడని రంగు ఎంచుకుని, నడిచిన ప్రతిసారీ ముందు ఆ రంగు తీసేసేలా రాయండి. మార్పు జరిగిన ప్రతిసారీ దానంతటదే నడిచే ఆన్‌ఎడిట్‌కి మాత్రం తగిలించకండి, ఒక్క అంకె మార్చినా ఫైలంతా మళ్లీ చదువుతుంది.