ఇంగ్లిష్ క్రియలకు ప్రత్యామ్నాయ పదాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: ఇంగ్లిష్‌లో చిన్న కథలు రాస్తున్నాను. సెడ్, లుక్డ్, వాక్డ్ తప్ప వేరే మాటలు తట్టడం లేదు. సమానార్థక పదాలు చూపించే మంచి యాప్ ఏదైనా చెప్పగలరా?

జవాబు: దానికోసం కొత్త యాప్ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పదాన్ని సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎఫ్7 కలిపి నొక్కండి. పక్కన థెసారస్, అంటే సమానార్థక పదాల జాబితా, తెరుచుకుంటుంది. లిబ్రేఆఫీస్ రైటర్‌లో అయితే కంట్రోల్, ఎఫ్7. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, వై నొక్కితే డిక్షనరీ వస్తుంది, అందులో సమానార్థకాలూ ఉంటాయి.

అసలు చిక్కు జాబితా కనబడ్డాకే మొదలవుతుంది. వాక్ కోసం వెతికితే స్ట్రోల్, ట్రడ్జ్, మార్చ్ వంటివి ఒకే గుంపులో వస్తాయి. స్ట్రోల్ అంటే తీరిగ్గా షికారు చేయడం. ట్రడ్జ్ అంటే అలసిపోయి కాళ్లీడ్చుకుంటూ నడవడం. మార్చ్ అంటే కవాతే కాదు, కోపంతో విసవిసా వెళ్లడానికీ అదే వాడతారు. మీ పాత్ర ఏ స్థితిలో నడుస్తోందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అందుకే నేను వన్‌లుక్ థెసారస్ వెబ్‌సైట్‌ను ఎక్కువగా సిఫార్సు చేస్తాను. అక్కడ ఒక్క పదమే ఇవ్వాలని లేదు, ‘వాక్ విత్ డిఫికల్టీ’ అని మీ మనసులోని భావాన్నే ఇంగ్లిష్‌లో టైప్ చేయొచ్చు.

దొరికిన పదాన్ని వెంటనే వాక్యంలో పెట్టేయకండి. కేంబ్రిడ్జ్ లేదా లాంగ్‌మన్ ఆన్‌లైన్ డిక్షనరీలో ఉదాహరణ వాక్యాలు చదవండి. సెడ్ బదులు క్లెయిమ్డ్ అని రాస్తే, ఆ మనిషి మాట మీకు నమ్మశక్యంగా లేదని పాఠకులు అనుకునే ప్రమాదం ఉంది. ఆఫీసు మెయిల్‌లో ఇలాంటి మార్పు గొడవకే దారితీయొచ్చు! పదం పక్కన ఏ మాటలు ఇముడుతాయో చూడాలంటే గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ తెరవండి. ట్రడ్జ్డ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి నక్షత్రం గుర్తు పెట్టండి. పుస్తకాల్లో ఆ పదం తర్వాత ఎక్కువగా వచ్చిన 10 మాటలు గ్రాఫ్‌లో కనిపిస్తాయి.

సంభాషణల్లో సెడ్‌ను మాత్రం ఎక్కువగా మార్చకండి. అది ఎన్నిసార్లు వచ్చినా చదివేవాళ్ల కంటికి అడ్డు రాదు. ప్రతి మాటకూ ఎక్స్‌క్లెయిమ్డ్, రిటార్టెడ్ అని తగిలిస్తేనే విసుగొస్తుంది.

వర్డ్‌లో సమానార్థకాలు అసలు రాకపోతే, ఆ భాగానికి ప్రూఫింగ్ లాంగ్వేజ్ (వర్డ్ తప్పులు సరిచూసే భాష) తెలుగు అని ఉందేమో చూడండి. రివ్యూ మెనూలోని లాంగ్వేజ్‌లోకి వెళ్లి ఇంగ్లిష్‌కు మార్చండి.