హనుమకొండలో పాత ఇల్లు, ముందు గదిలో బొటిక్: ఎకో ఫ్రెండ్లీ ఇంటీరియర్ ప్యాకేజీ తీసుకోవచ్చా?

పాత ఇల్లు కొన్నారు, ముందు గదిలో బొటిక్ పెడతారు. డిజైనర్ షాబాదు బండలు తీసేసి వెదురు ఫ్లోరింగ్, టేకు కిటికీలు తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు, పైగా కొత్త మాడ్యులర్ కిచెన్ రాసిచ్చారు. ఇదంతా అవసరమా అని కదండీ మీ ప్రశ్న? సగం కొట్టేయండి. కాజీపేటలో మా నాన్న కట్టిన ఇల్లు, పక్కనే తమ్ముడి ట్యూషన్ సెంటర్ నేనే దగ్గరుండి బాగు చేయించాను, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా. గట్టిగా ఉన్నదాన్ని పీకి ట్రాక్టర్‌కెత్తించి, ఎక్కడి నుంచో కొత్తది తెప్పించడం ఎకో ఫ్రెండ్లీ ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

షాబాదు బండలకు మెషీన్ పాలిష్ పట్టించండి, చాలు. ములుగు అడవుల్లో వెదురు ఉన్నా, ఫ్లోరింగ్ పలకలంటే ఫ్యాక్టరీలో జిగురు పెట్టి ఒత్తినవి. రోజూ తడిగుడ్డ పెట్టే మన ఇళ్లకు అవి నప్పవు. ఒక్క జాగ్రత్త: షాబాదు, తాండూరు బండలు రెండూ సున్నపురాయే. బాత్రూం యాసిడ్‌తో కడిగినా, చింతపండు పులుసు పడి నిలిచినా మెరుపు పోయి మచ్చ పడుతుంది.

వంటింట్లో కడప బండల షెల్ఫులు ఉంటే అసలు కదిలించకండి. ముందు ఫ్రేమ్ కట్టి తలుపులు పెట్టిస్తే చాలు, చూడటానికి మాడ్యులర్ లాగే ఉంటుంది. చెదల భయం లేదు, సింకు కింద తడికి ఉబ్బదు. ఆ తలుపులకు ప్లైవుడ్ కొనేటప్పుడు ఈ1 లేదా ఈ0 రకం అని అడగండి, అంటే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ (కళ్లు మండించే ఘాటు వాయువు) తక్కువ వస్తుందని. తమ్ముడి సెంటర్‌కు ఒక షాపతను అంటగట్టిన చవక టేబుళ్ల దగ్గర పిల్లలు కళ్లు మండుతున్నాయని గోల పెట్టారు. చాలా రోజులు కిటికీలు తెరిచి ఉంచితే గానీ ఆ వాసన పోలేదు.

దర్వాజలు, కిటికీలు టేకువైతే పైనున్న ఎనామెల్ గీకించి నూనె పట్టించండి. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు (పెయింట్‌లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు దాటకూడదన్న పరిమితి 2017 నవంబర్ నుంచే వచ్చింది). కాబట్టి పొడిగా గీకనివ్వకండి, తడిపి రుద్దమనండి. ఆ పని అయ్యేదాకా పిల్లల్ని అటు రానివ్వొద్దు. మా వడ్లాయన మాస్క్ పెట్టుకోనని మొండికేశాడు, బతిమాలి పెట్టించాల్సి వచ్చింది.

మిగిలిన డబ్బు ఎండ మీద ఖర్చు పెట్టండి. మే నెలలో వరంగల్ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ముందు పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి, 2023లో రాష్ట్రం దీనికోసం పాలసీ కూడా తెచ్చింది. తర్వాత పడమటి కిటికీలు. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా, అద్దం దాటి వచ్చిన వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది. అందుకే వెదురు తడక కిటికీకి బయట కట్టాలి. మేదరి వాళ్ల దగ్గర కొలత ఇచ్చి చేయించుకోవచ్చు. వెదురును బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టారా అని అడగండి, లేకపోతే పురుగు పట్టి పొడి రాలుతుంది. ఫ్యాన్లు బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటుతో తిరిగే మోటారువి) తీసుకోండి. పాతవి 75 వాట్ల దాకా తింటాయి, ఇవి 30 వాట్ల చుట్టుపక్కల ఆగుతాయి. బొటిక్‌లో పొద్దంతా తిరిగేవి కాబట్టి బిల్లులో తేడా కనిపిస్తుంది.

అలంకరణకు వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు చూడండి. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే) గుర్తింపు వచ్చింది. నూలువి తీసుకుంటే ఉతుక్కోవచ్చు. నేలకే కాదు, దివాన్ మీదికి, గోడకూ బాగుంటాయి. అయితే ఒకటి రెండు చాలండీ, ఎగ్జిబిషన్ స్టాల్‌లా నింపేస్తే మీ చీరలు ఎవరికీ కనపడవు.

ఫాల్స్ సీలింగ్ మీ ఇష్టం, నేనైతే వేయించను. ట్రయల్ రూమ్‌లో మాత్రం సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే, వందకు వేసే కొలత) 90 పైన ఉన్న ఎల్ఈడీలే పెట్టించండి. మామూలు లైట్ల కింద మెరూన్ ఒకలా, బయట ఇంకోలా కనిపించి చీరలు వాపసు వస్తాయి.