ఆ సెక్యూరిటీ మెయిల్‌ని నమ్మాలా?

ప్రశ్న: ‘మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఎవరో లాగిన్ అయ్యారు’ అంటూ మెయిల్ వచ్చింది. ఏదో వేరే దేశం పేరు, ఐపీ అడ్రస్, కింద ఒక బటన్ ఉన్నాయి. నొక్కాలంటే భయం, ఊరుకుంటే అకౌంట్ పోతుందేమోనని టెన్షన్. అది అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? – ఒక పాఠకురాలు

జవాబు: నొక్కకుండా ఆగి మంచి పని చేశారు. నిజానికి ఆ మెయిల్ అసలుదో కాదో తేల్చే భారం మీరు మోయక్కర్లేదు. దాన్ని అలాగే వదిలేసి, బ్రౌజర్‌లో అకౌంట్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్ అని మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి. సెక్యూరిటీ విభాగంలో ఈమధ్య జరిగిన సైన్ ఇన్‌ల జాబితా ఉంటుంది. ఎవరైనా లోపలికి వచ్చి ఉంటే అక్కడ తెలిసిపోతుంది. గూగుల్‌కైతే మై అకౌంట్ డాట్ గూగుల్ డాట్ కామ్‌లో చూడొచ్చు.

ఆ జాబితా చూడగానే కంగారు పడకండి. విఫలమైన ప్రయత్నాలు చాలానే కనిపించవచ్చు. ఎవరో మీ పాస్‌వర్డ్ ఊహించబోయి కుదరక వెనుదిరిగారన్నమాట. ఊరి పేరు కూడా ఐపీని, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరుని బట్టి వేసిన అంచనాయే, మీ సొంత ఫోనే వేరే ఊళ్లో ఉన్నట్టు చూపించవచ్చు. మీరు చేయని లాగిన్ ‘సక్సెస్’ అని ఉంటే మాత్రం వెంటనే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటిది కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి. రికవరీ ఫోన్ నంబరు మీదేనా, మెయిల్స్ ఇంకెవరికైనా ఫార్వర్డ్ అవుతున్నాయా అన్నదీ చూడండి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

పంపినవారి అడ్రస్ చూడమని అందరూ చెబుతారు, చూడండి. ఫోన్‌లో పేరొక్కటే కనిపిస్తుంది, దాని మీద నొక్కితే పూర్తి అడ్రస్ వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇలాంటి హెచ్చరికలు పంపేది అకౌంట్‌ప్రొటెక్షన్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్ నుంచి. అయితే ఇంగ్లిష్‌లో ‘ఎమ్’ బదులు ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే చిన్న స్క్రీన్ మీద తేడా తెలియదు. అంతెందుకు, 2025 ఏప్రిల్‌లో గూగుల్ అసలు అడ్రస్‌తోనే, డిజిటల్ సంతకం (మెయిల్ ఆ సంస్థ నుంచే వచ్చిందని చూపే గుర్తు) కూడా సరిపోయేలా ఒక మోసపు మెయిల్ తిరిగింది. అందుకే అడ్రస్ తేడాగా ఉంటే నకిలీ అనుకోండి, సరిగ్గా ఉంది కదా అని నమ్మేయకండి. స్పెల్లింగ్ తప్పులు వెతకమనే పాత సలహా నేనిక ఇవ్వను. అసలు మెయిల్‌నే మక్కీకి మక్కీ దించేస్తున్నారు.

పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి, సైట్‌లో తనే నింపే యాప్) వాడుతుంటే మాత్రం దాని మాట వినండి. సైట్ అడ్రస్ ఒక్క అక్షరం తేడా ఉన్నా అది పాస్‌వర్డ్ తనంతట తాను నింపదు. నింపలేదంటే మీరు టైప్ చేయబోకండి.

జాబితాలో ఆ లాగిన్ జాడే లేకపోతే, మెయిల్‌ని డిలీట్ చేసే ముందు ‘రిపోర్ట్ ఫిషింగ్’ నొక్కండి. అదే మెయిల్ ఇంకొకరి ఇన్‌బాక్స్‌కి చేరకుండా ఆపడానికి అది పనికొస్తుంది.