చేలో దొరికిన కుందేలు పిల్లని ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, తెనాలి దగ్గర మా మినప చేలో గుప్పెడంత కుందేలు పిల్ల ఒంటరిగా కనపడింది, తల్లి లేదేమోనని మా బాబు ఇంటికి తెచ్చేశాడు. పాలు పట్టొచ్చా? మా అత్తయ్యేమో చందమామలో ఉండే కుందేలమ్మా, ఉంచుకుంటే మంచిదే అంటున్నారు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ పిల్లని ఈ సాయంత్రమే ఎక్కడ దొరికిందో అక్కడే వదిలేసి రండి, ప్లీజ్. తల్లి వదిలేయలేదు. మన చేలల్లో తిరిగే చెవులపిల్లి (అంటే అడవి కుందేలు) బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న పల్లంలా చేసుకుని అందులోనే నక్కి ఉంటుంది, పిల్లలు కూడా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి (మనం ఇళ్లల్లో పెంచే తెల్ల కుందేళ్ల పిల్లలైతే బొచ్చు లేకుండా కళ్లు మూసుకుని పుడతాయి, ఆ రెండూ వేరే వేరే జాతులు). తల్లి పగలంతా పక్కనే ఉంటే కుక్కలకీ నక్కలకీ ఆచూకీ తెలిసిపోతుంది కదా, అందుకే దూరంగా ఉండి చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. మీరు చూసినప్పుడు అది కదలకుండా చెవులు వీపుకి అంటించుకుని ఉందా, అది భయమొక్కటే కాదు, దాక్కునే పద్ధతే అది.

ఆవు పాలు మాత్రం పట్టకండి, అరగదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి కుందేల్ని పట్టి ఉంచుకోవడం నేరం. దెబ్బ తగిలి ఉంటే ఫారెస్ట్ వాళ్లకి చెప్పండి.

అత్తయ్యగారి మాట నాకు చాలా ఇష్టం. చంద్రుణ్ణి శశాంకుడు అనేది ఆ కుందేలు మచ్చ వల్లే. పున్నమి నాడు మీ బాబుకి డాబా మీద నుంచి ఆ చెవులు చూపించమనండి.